థర్మామీటరును ఎక్కడ కట్టాలి?

"రేడియోలో చెప్పిన ఎండ వేరు, మా పాకలోని థర్మామీటరు చూపేది వేరు. ఏది నిజం?" అని సంఘ సభ్యులు కొందరు అడుగుతున్నారు. రెండూ నిజమే, కొలిచిన చోటులే వేరు.

వాతావరణ శాఖ వారు కొలిచేది గాలి వేడిని. అందుకై థర్మామీటర్లను గాలి ఆడే తెల్లరంగు స్టీవెన్‌సన్ పెట్టెలో, నేలకు సుమారు 1.25 నుండి 2 మీటర్ల ఎత్తున, గోడలకు, చెట్లకు దూరంగా ఉంచుతారు. మన దేశంలో పెట్టె తలుపు ఉత్తరానికి ఉంటుంది. తీసినప్పుడు గాజుగొట్టంపై ఎండ పడరాదని ఈ ఏర్పాటు.

గోడకు కొట్టిన థర్మామీటరు గోడ వేడిని, రేకు క్రింద కట్టినది రేకు వేడిని కూడా కలుపుకొని చూపుతుంది. పగలంతా కాగిన గోడ ప్రొద్దు గ్రుంకినా వెంటనే చల్లారదు.

అయితే గేదె ఉండేది ఆ పెట్టెలో కాదు, మీ రేకు క్రిందనే. దాని చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. కాబట్టి రేడియో అంకె తక్కువగా ఉన్నదని నీళ్లు పోయడం మానరాదు. పాకలో థర్మామీటరును ఎండ పడని చోట, గోడకు తగలకుండా, గేదె వీపు ఎత్తున వ్రేలాడదీయండి. రేకుపై గడ్డి కప్పిన పాకలోను, కప్పని పాకలోను ఒకే వేళ చూసి పోల్చండి. తేడా మీకే తెలుస్తుంది.

గొడ్డు వగరుస్తుంటే మాత్రం అంకె కోసం చూడవద్దు. వెంటనే నీడకు చేర్చి నీళ్లు పెట్టండి.