చేరకముందే పని చూపిస్తే

ఒంటి కష్టం ఎక్కువగా ఉండే ఉద్యోగాల్లో మానేసేవాళ్లలో చాలామంది చేరిన కొత్తలోనే మానేస్తారు. గోదాముల్లో బస్తాలు మోసేవాళ్లు, ఫౌండ్రీల్లో కొలిమి ముందు నిలబడేవాళ్లు, ఆసుపత్రుల్లో రోగుల్ని లేపి కూర్చోబెట్టే ఆయాలు ఇందుకు ఉదాహరణ. ఏళ్ల తరబడి చేసి మానేసేవారికి కారణాలు ఎన్నో ఉంటాయి. చాలని జీతం, ఇంటి పరిస్థితులు, నడుంనొప్పి అలాంటివి. వారం తిరక్కుండా వెళ్లిపోయేవారి విషయంలో మాత్రం తరచుగా కనిపించే కారణం ఒకటుంది. చేరేటప్పుడు అనుకున్న పని ఒకటి, చేరాక నెత్తిన పడింది మరొకటి. ఒకరు మానేస్తే ఆ బరువు మిగిలినవాళ్ల మీద పడుతుంది. వాళ్లు అలిసిపోయి, కొన్నాళ్లకు వాళ్లూ దారి చూసుకుంటారు.

ఈ వరస ఎంత దూరం పోగలదో అమెరికాలోని హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ కార్ల కర్మాగారం చూపించింది. 1913లో అక్కడ కదిలే అసెంబ్లీ లైన్ వచ్చింది. అంతకుముందు కార్మికుడే బండి దగ్గరికి వెళ్లి పనిచేసేవాడు. లైన్ వచ్చాక బండే అతని ముందుకు రావడం మొదలైంది. రోజంతా అదే బోల్టు బిగించాలి, అదీ లైన్ వేగానికే. ఆ ఏడాది సుమారు 14,000 మంది పనివాళ్లను నిలుపుకోవడానికి 52,000 మందికి పైగా కొత్తవాళ్లను చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజు కూలిని రెట్టింపుకు పైగా పెంచి ఐదు డాలర్లు చేశాడు. పనివేళల్ని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించాడు. 1913లో 370 శాతంగా ఉన్న మానేసేవారి రేటు 1915కల్లా 16 శాతానికి దిగింది.

ఈ కథలో ఐదు డాలర్ల సంగతి అందరికీ తెలిసిందే. దానికి కొన్ని నెలల ముందు జరిగిన మార్పు గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. అప్పటిదాకా ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపేయాలి అన్నది ఫోర్‌మన్ ఇష్టం. 1913 చివర్లో ఆ అధికారాన్ని ఫోర్‌మన్ల నుంచి తీసేసి, ఉద్యోగుల వ్యవహారాలు చూసే విడి శాఖకు అప్పగించారు. ఒక విభాగంలో ఇమడలేని మనిషిని మరో విభాగంలో పెట్టి చూసే వీలు అప్పుడే వచ్చింది. జీతం పెంచడంతో పాటు, ఏ మనిషి ఏ పనికి సరిపోతాడో చూసే బాధ్యతను ఒకరికి అప్పగించడం కూడా ఆ మలుపులో భాగమే.

చేరబోయేవారికి పని గురించి ముందే ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుందన్నది తర్వాత పరిశోధకులు పరీక్షించారు. 1956లో జోసెఫ్ వైట్జ్ జీవిత బీమా ఏజెంట్ల మీద అధ్యయనం చేశాడు. ఆ పనిలోని కష్టసుఖాలు రెండూ రాసిన పుస్తకం ముందే అందుకున్నవారు, అందుకోనివారి కంటే ఎక్కువగా నిలబడ్డారు. 1973లో జాన్ వానస్ టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి వచ్చినవారికి రెండు రకాల సినిమాలు చూపించాడు. ఒకటి పనిలోని మంచినే చూపింది. రెండోది విసుగునూ, పైవాళ్ల నిఘానూ కూడా దాచలేదు. రెండోది చూసినవారిలో మానేయాలన్న ఆలోచన తక్కువగా కనిపించింది. ఇలా చేస్తే మానేయడం పూర్తిగా ఆగిపోదు. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఫలితం ఒక మోస్తరే. అయితే ఖర్చు కూడా దాదాపు లేనట్టే కాబట్టి, చేయకపోవడానికి సాకు లేదు.

ఒంటి కష్టం ఉన్న పనుల్లో మాటల కంటే కళ్లకు చూపించడమే మేలు. గోదాము పనికి వచ్చిన మనిషిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి మాట్లాడి పంపేస్తే అతనికి తెలిసేది ఏమీ ఉండదు. లారీ దించే వేళకు రమ్మనాలి. రేకుల కప్పు కింద మధ్యాహ్నం వేడి ఎలా ఉంటుందో, బస్తా భుజానికెత్తుకుని చెక్క పలక మీదుగా ఎలా నడుస్తారో, ఎంతసేపటికి ఒకసారి కూర్చోనిస్తారో అతనే చూడాలి. అక్కడ పనిచేసేవాళ్లతో, మేస్త్రీ పక్కన లేకుండా, నాలుగు మాటలు మాట్లాడనివ్వాలి. అది చూసి వద్దనుకుని వెళ్లిపోయిన మనిషి వల్ల యజమానికి నష్టమేమీ లేదు. చేరి నాలుగో రోజు మానేసేవాడు ముందే తప్పుకున్నాడు, అంతే.

చేరతానన్న మనిషి ఆ పని చేయగలడా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడే ఒడ్డూ పొడుగూ చూసి తేల్చేయడం పాత అలవాటు. అమెరికాలోని అలబామా రాష్ట్రం జైలు గార్డులకు కనీస ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, కనీస బరువు 120 పౌండ్లు అని నియమం పెట్టింది. ఆ లెక్కన దేశంలోని ఆడవాళ్లలో 40 శాతానికి పైగా అనర్హులవుతారు, మగవాళ్లలో ఒక శాతం కూడా కారు. దాని మీద నడిచిన డోథార్డ్ కేసులో 1977లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. కావలసింది బలమే అయితే బలాన్నే నేరుగా పరీక్షించవచ్చు కదా అన్నది కోర్టు మాట. ఈ ఒక్క మాట పాటిస్తే చాలా నియామకాలు బాగుపడతాయి.

తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ నియామకంలో అలాంటి పరీక్షే ఉంది. అభ్యర్థి కరెంటు స్తంభం ఎక్కి చూపించాలి. 2019 నాటి ప్రకటనలో ఆ ఉద్యోగాలకు ఆడవాళ్లు అర్హులు కారన్నారు. కొందరు హైకోర్టుకు వెళ్లాక పరీక్షకు అనుమతి దొరికింది. స్తంభం ఎక్కి నెగ్గినవారిలో సిద్దిపేట జిల్లా యువతి ఒకరు ఉన్నారు. తర్వాత ఆమెకు ఉద్యోగమూ వచ్చింది. ఆడవాళ్లు ఎక్కగలరా అని ఎంతసేపు వాదించుకున్నా తేలనిది స్తంభం దగ్గర తేలిపోయింది.

పరీక్ష పెట్టేటప్పుడు రోజువారీ పనిలో ఉన్నదే పెట్టాలి. పనిలో 20 కిలోల పెట్టెలే ఎత్తాల్సి ఉంటే పరీక్షలో 50 కిలోలు ఎత్తమనడం అన్యాయం, పైగా పనికిరాని కొలత. ఎంత ఎత్తారన్నదొక్కటే చూస్తే చాలదు. మోకాళ్లు వంచి ఎత్తుతున్నారా, నడుం మీద భారం వేస్తున్నారా, పదో పెట్టెకీ ముప్ఫయ్యో పెట్టెకీ తీరు మారిందా అన్నవే అసలు సంగతి చెబుతాయి. ఎత్తే పద్ధతి నేర్పితే వచ్చేదే కాబట్టి, తప్పుగా ఎత్తినంత మాత్రాన పంపేయకూడదు.

ఇక మనుషుల్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న విషయానికొస్తే, పనిచేస్తున్నవాళ్లు తీసుకొచ్చిన మనుషులు నిలబడతారని యజమానులు నమ్ముతారు. అందులో నిజముంది. తెచ్చినవాళ్లు లోపలి సంగతులన్నీ ముందే చెప్పి ఉంటారు. కానీ అదొక్కటే దారి అయితే ఒకే ఊరివాళ్లు, ఒకే కులంవాళ్లు మిగిలి, బయటివారికి తలుపు మూసుకుంటుంది.

చేర్చుకున్నాక మొదటి వారం కూడా నియామకంలో భాగమే. ఎండలోనో కొలిమి దగ్గరో పనిచేసేవారి ఒళ్లు వేడికి అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ కొత్తవారికి ఒక లెక్క సూచించింది. మొదటి రోజు వేడిలో పని మామూలులో 20 శాతానికి మించకూడదు, ఆపైన రోజుకో 20 శాతం పెంచుకుంటూ పోవాలి. మే నెలలో కొత్త కూలీని తొలిరోజే పూర్తి షిఫ్టులో దించితే అతను మర్నాడు రాకపోవచ్చు. అంతకంటే ఘోరం, వడదెబ్బకు ప్రాణమే పోవచ్చు. ఎండలో పనిచేస్తూ చనిపోయేవారిలో చాలామంది కొత్తగా చేరినవాళ్లే.

ఎంత బాగా ఎంచుకున్నా, చెడ్డ పనిని నియామకం మంచి పనిగా మార్చలేదు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని నయాష్ సూత్రం చెబుతుంది. రోజంతా 50 కిలోల సిమెంటు బస్తాలు మోయించే చోట బలమైనవాళ్ల కోసం వెతకడం కంటే ముందు తోపుడు బండో కన్వేయరో తేవాలి. మనుషులు ఎందుకు పోతున్నారో తెలియాలంటే మానేసిన ప్రతి ఒక్కరూ ఏ వారంలో, ఏ షిఫ్టులో, ఏ మేస్త్రీ కింద ఉండగా మానేశారో రాసిపెట్టుకోవాలి. ఒకే షిఫ్టు పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే లోపం ఎంపికలో లేదు, ఆ షిఫ్టులో ఉంది. అన్ని షిఫ్టుల్లోనూ మొదటి వారమే కనిపిస్తుంటే, చేర్చుకునేటప్పుడు ఏం చెప్పారో, ఏం చెప్పలేదో చూడాలి.