దూరాన్ని దగ్గర చేసే అద్దాలు: టెలికన్వర్టర్ల కాంతి లెక్క

ప్రవాస తెలుగు కుటుంబాలలో కెమెరాకు పని తగలని నెల ఉండదు. ఉగాది సభలో అమ్మాయి కూచిపూడి నృత్యం, విశ్వవిద్యాలయంలో అబ్బాయి పట్టప్రదానోత్సవం, సెలవులలో స్వదేశం వెళ్ళినప్పుడు నేలపట్టులోని గూడబాతులు. వీటన్నిటికీ ఒకటే చిక్కు: దృశ్యం దూరం, కటకం పొట్టి. వెనుక వరుసనుంచి తీసిన ఛాయాచిత్రంలో అమ్మాయి ముఖం వేరుసెనగ గింజంత కనిపిస్తుంది. పెద్ద టెలిఫోటో కటకం కొనాలంటే వేలకొద్దీ డాలర్లు కావాలి. అందుచేత చాలామంది చూపు టెలికన్వర్టరు అనే చిన్న సాధనం మీదికి పోతుంది. అయితే ఈ పేరుతో అమ్ముడుపోయే సాధనాలు రెండు జాతులవి. పేరు ఒకటే గాని పనిచేసే సూత్రం వేరు, వసూలు చేసే మూల్యమూ వేరు. ఆ తేడా తెలియకుండా కొన్నవారు డబ్బునే కాక, మళ్ళీ రాని క్షణాన్ని కూడా పోగొట్టుకుంటారు.

ముందుగా రెండు మాటలు తెలియాలి. దూరపు వస్తువు ప్రతిబింబాన్ని కటకం ఎంత పెద్దదిగా చూపుతుందో నిర్ణయించేది నాభ్యంతరం. అది రెట్టింపైతే ప్రతిబింబం పొడవూ వెడల్పూ రెట్టింపవుతాయి. ఆ నాభ్యంతరాన్ని కటకంలోకి వెలుతురును రానిచ్చే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. నాభ్యంతరం 200 మిల్లీమీటర్లు, ద్వారం 50 మిల్లీమీటర్లు అయితే ఎఫ్/4 అన్నమాట. ఈ సంఖ్య పెరిగినకొద్దీ సెన్సారుపై పడే వెలుతురు పలచబడుతుంది.

బార్లో చూపిన దారి

ఇంగ్లండులోని వూలిచ్ సైనిక విద్యాలయంలో గణితాచార్యుడైన పీటర్ బార్లో 1830లలో దూరదర్శినికి ఒక మెరుగు కనిపెట్టాడు. కేంద్రీకృతమవుతున్న కిరణాల దారిలో ఒక పుటాకార కటకాన్ని అడ్డుపెడితే, ఆ కిరణాలు మరికొంత దూరం ప్రయాణించి కలుసుకుంటాయి. ఫలితంగా నాభ్యంతరం పెరిగి ప్రతిబింబం పెద్దదవుతుంది. డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకూ దాని కటకానికీ నడుమ బిగించే టెలికన్వర్టరు ఈ సూత్రానికి వారసురాలే. నేటి కన్వర్టర్లలో ఒకటి కాక అనేక కటకాలు ఉంటాయి గాని వాటి మొత్తం పని ఇదే.

ఇక్కడొక సంగతి గమనించాలి. కన్వర్టరు కటకానికి వెనుక కూర్చుంటుంది గనుక ముందునుంచి లోపలికి వచ్చే వెలుతురు పెరగదు. అదే వెలుతురు నాలుగు రెట్ల వైశాల్యంపై పరుచుకుంటుంది. గిన్నెడు మజ్జిగలో నీళ్ళు పోసి నాలుగు గిన్నెలు చేసినట్టే. 2 రెట్ల కన్వర్టరు వేస్తే వెలుతురు నాలుగో వంతుకు, 1.4 రెట్లదైతే సగానికి పడిపోతుంది. 200 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 కటకం 2 రెట్ల కన్వర్టరుతో 400 మిల్లీమీటర్ల ఎఫ్/5.6 కటకమవుతుంది.

గెలీలియో చూపిన దారి

కాంపాక్ట్ కెమెరాల కటకం ఊడిరాదు కాబట్టి వెనుక ఏదీ బిగించడానికి వీలులేదు. వాటి కన్వర్టరు కటకానికి ముందు మరతో బిగుసుకుంటుంది. దాని నిర్మాణం 1609లో గెలీలియో ఆకాశంవైపు తిప్పిన దూరదర్శిని వంటిది: ముందు కుంభాకారం, వెనుక పుటాకారం. సమాంతరంగా వచ్చిన కిరణాలు సమాంతరంగానే బయటికి పోతాయి గాని వాటి మధ్య కోణం పెద్దదవుతుంది. కెమెరాకు సంబంధించినంతవరకు లోకమే దగ్గరికి జరిగినట్టుంటుంది.

నికాన్ సంస్థ 2000లో విడుదల చేసిన కూల్‌పిక్స్ 990 కెమెరా ఇందుకు మంచి ఉదాహరణ. దాని కటకం దూరపు కొసలో 24 మిల్లీమీటర్లు, ఎఫ్/4. అంటే ద్వారం కేవలం 6 మిల్లీమీటర్లు. టి.సి.-ఇ2 అనే 2 రెట్ల కన్వర్టరును ముందు బిగిస్తే నాభ్యంతరం 48 మిల్లీమీటర్లకు, ద్వారం 12 మిల్లీమీటర్లకు సమానమవుతాయి. రెండూ రెట్టింపైనందున ఎఫ్ సంఖ్య మారదు. అద్దాల ఉపరితలాలపై పరావర్తనంవల్ల పోయే కొద్దిపాటి కాంతి తప్ప నష్టం లేదు.

అలాగైతే ఎస్.ఎల్.ఆర్. కెమెరాలకు కూడా ముందు కన్వర్టరునే ఎందుకు వాడరన్న ప్రశ్న రావడం సహజం. జవాబు గాజు పరిమాణంలో ఉంది. 200 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 కటకం ద్వారం 71 మిల్లీమీటర్లు. దానికి 2 రెట్ల ముందు కన్వర్టరు చేయాలంటే 143 మిల్లీమీటర్లకు తగ్గని గాజు కావాలి. ఫలహారపు పళ్ళెమంత కటకాన్ని మెడకు తగిలించుకుని తిరగడానికి ఎవరూ సిద్ధపడరు. వెలుతురును ఎక్కువగా పోగుచేయాలంటే పెద్ద గాజు, చిన్న గాజుతో సరిపెట్టుకోవాలంటే పలచని వెలుతురు. ప్రకృతి ఈ బేరంలో ఎవరికీ రాయితీ ఇవ్వదు.

ఎవరి ఇబ్బందులు వారివి

ముందు కన్వర్టరుకూ లోపాలున్నాయి. జూమును దూరపు కొసకు తిప్పకపోతే చిత్రం అంచులు నల్లబడతాయి. ఫ్లాషు వెలుగుకు కన్వర్టరే అడ్డుపడి నీడ వేస్తుంది. దగ్గరి వస్తువులపై దృష్టి నిలపడమూ కష్టమే. 2 రెట్ల కన్వర్టరుతో కనీస దూరం నాలుగింతలవుతుంది, కాబట్టి అరమీటరు రెండు మీటర్లవుతుంది. చవకరకం అద్దాలైతే అంచులలో ఊదా, ఆకుపచ్చ రంగుల చారలు తప్పవు. సెల్‌ఫోనుకు తగిలించే చిన్న టెలి అద్దాలు కూడా ఈ జాతివే, ఈ గుణదోషాలవే.

వెనుక కన్వర్టరులో కనీస దూరం మారదు. అందువల్ల పూలనూ సీతాకోకచిలుకలనూ మరింత పెద్దవిగా తీయవచ్చు. కాని అది ప్రతిబింబంతోపాటు కటకం లోపాలను కూడా పెద్దవి చేస్తుంది. ఎస్.ఎల్.ఆర్.లో దృష్టిని సరిచేసే యంత్రాంగం చాలా నమూనాలలో ఎఫ్/5.6 వరకు, కొన్నిటిలో ఎఫ్/8 వరకు మాత్రమే నమ్మకంగా పనిచేస్తుంది. సాధారణంగా కెమెరాతో వచ్చే ఎఫ్/5.6 జూముకు 2 రెట్లు తగిలిస్తే అది ఎఫ్/11 అవుతుంది. యంత్రాంగం చేతులెత్తేస్తుంది, చూపుడు గవాక్షమూ చీకటవుతుంది. పైగా పేరున్న సంస్థల కన్వర్టర్ల ముందు గాజు బయటికి పొడుచుకువచ్చి ఉంటుంది గనుక అవి కొన్ని ఎంపికచేసిన కటకాలకే అమరుతాయి. సెన్సారుమీదే దృష్టిని కొలిచే అద్దం లేని కెమెరాలలో ఎఫ్ సంఖ్య ఇబ్బంది బాగా తగ్గింది గాని వెలుతురు నష్టం మాత్రం తగ్గలేదు.

ఆ నష్టం నాట్యవేదిక ముందు బాగా బయటపడుతుంది. సెకనులో 250వ వంతు కాలంలో తీయగలిగిన చిత్రానికి 2 రెట్ల కన్వర్టరుతో సుమారు 60వ వంతు కావాలి. అంతలో నర్తకి హస్తముద్ర చెదిరిపోతుంది. నాభ్యంతరం పెరిగినందున చేతి వణుకు కూడా రెట్టింపు కనిపిస్తుంది. సెన్సారు సున్నితత్వాన్ని 1600నుంచి 6400కు పెంచితే కాలం కలిసివస్తుంది గాని చిత్రం గరుకుబారుతుంది.

అలాగని కాంపాక్ట్ కెమెరా గెలిచినట్టు కాదు. కూల్‌పిక్స్ 990 సెన్సారు వైశాల్యంకన్నా మామూలు ఎస్.ఎల్.ఆర్. సెన్సారు వైశాల్యం తొమ్మిది, పది రెట్లు ఎక్కువ. ఎఫ్/5.6కు దిగజారిన ఎస్.ఎల్.ఆర్.పై చదరపు మిల్లీమీటరుకు పడే వెలుతురు ఎఫ్/4 కాంపాక్ట్‌లో పడేదానిలో సగమే. ఐనా మొత్తంమీద పోగయ్యే కాంతి దాదాపు ఐదు రెట్లుంటుంది. ముందు కన్వర్టరు కాంతిని పోగొట్టదన్నది నిజమే. చిన్న కెమెరాకు మొదటినుంచీ దక్కేదే తక్కువన్నదీ అంతే నిజం.

కొనేముందు

మూడో మార్గం ఒకటుంది. కన్వర్టరు లేకుండానే తీసి, తరువాత నడిమి భాగాన్ని కత్తిరించుకోవడం. 24 మెగాపిక్సెళ్ళ చిత్రంలో సగం పొడవు, సగం వెడల్పు తీసుకుంటే 6 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి. నాలుగంగుళాలు, ఆరంగుళాల ఆల్బం ప్రతికి 2 మెగాపిక్సెళ్ళకు కొంచెం మించితే చాలు. కాబట్టి నాట్యప్రదర్శనకు వెళ్ళేవారికి ఈ ఖర్చులేని మార్గమే ఉత్తమం. పట్టపగటి పక్షులకు, ఆరుబయటి పట్టప్రదానోత్సవానికి, చంద్రుడికి కన్వర్టరు నిజంగా పనికొస్తుంది. ఎస్.ఎల్.ఆర్. వారు నాణ్యమైన కటకానికి 1.4 రెట్లతో ఆగడం మేలు. కాంపాక్ట్ వారు తమ కెమెరా తయారీదారు సూచించిన కన్వర్టరునే ఎంచుకోవాలి.

చివరగా సూర్యుని విషయం. 2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ జెడ్డా నగరం మీదుగా సాగుతుంది. గల్ఫ్ ప్రాంతపు తెలుగువారిలో పలువురు కెమెరాలు సిద్ధం చేసుకుంటారు. సెన్సారుపై సూర్యబింబం వ్యాసం నాభ్యంతరంలో సుమారు 110వ వంతు ఉంటుంది. 200 మిల్లీమీటర్లకు 1.8, కన్వర్టరుతో 400కు 3.6 మిల్లీమీటర్లు. ఆశ కలిగించే లెక్కే గాని, ఎస్.ఎల్.ఆర్. గవాక్షంలోంచి చూసే కంటికి చేరేది కటకం పోగుచేసిన సూర్యకాంతి. అది క్షణంలో చూపును హరించగలదు. గ్రహణానికని తయారైన వడపోత అద్దం కటకానికి ముందు ఉండాలి. ముందు కన్వర్టరు ఉంటే, దానికీ ముందు ఉండాలి. కటకానికీ కంటికీ నడుమ పెట్టిన అద్దాన్ని నమ్మరాదు. సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషాలలోనే వడపోతను తీయవచ్చు. తొలి వెలుగు రవ్వ కనిపించక ముందే మళ్ళీ తగిలించాలి. తీసిన బొమ్మ బాగా రాకపోతే మరో గ్రహణం వస్తుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.