చెట్టెక్కే పని పిల్లలది.. చెట్టును చూసే పని మనది!

సెలవులొస్తే చాలు, పిల్లలకు ట్రీహౌస్ సరదా. వయనాడ్ టూరుకెళ్లినా, అమెరికాలో బాబాయి ఇంటికెళ్లినా, తాతయ్య మామిడి తోటకెళ్లినా ముందు ఎక్కేది దాని మీదికే. కింద నిల్చున్న అమ్మానాన్నలకేమో గుండె దడ. ‘జాగ్రత్త.. పడతావ్!’ అంటూ అరుస్తూనే ఉంటారు. ఇంతకీ పిల్లల్ని ఎక్కనివ్వాలా? వద్దా?

మంచె మనకు తెలిసిందే

చెట్టు మీద గూడు మనకు కొత్తేమీ కాదు. జొన్నచేలో మంచె వేసుకుని, వడిసెలతో పిట్టల్ని తోలటం ఒకప్పుడు చాలా ఊళ్లలో పిల్లల పనే. కేరళలో ఏనుగుల నుంచి పంటను కాచుకోవటానికి చెట్ల మీద కట్టే గుడిసెను ‘ఏరుమాడం’ అంటారు.

సరదా కోసం కట్టేవాళ్ల కథ మరోటి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మైకేల్ గార్నియర్ 1990ల్లో చెట్ల మీద గదులు కట్టి అతిథులకు అద్దెకిచ్చారు. అవి భద్రం కాదంటూ అధికారులు ఒప్పుకోలేదు. దాంతో ఆయన ఒకేసారి 66 మందిని, రెండు కుక్కల్ని, ఓ పిల్లిని ఎక్కించి, ఎంత బరువు మోస్తుందో చూపించారు. అయినా అనుమతి కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. చెట్టు ఇంటి బరువును మోసే ప్రత్యేకమైన లావుపాటి బోల్టును ఇప్పుడు ఆయన పేరుతోనే ‘గార్నియర్ లింబ్’ అంటున్నారు. పిల్లలు ఎక్కకముందే పెద్దలు పరీక్షించాలన్నది ఇందులో మనం నేర్చుకోవాల్సిన పాఠం.

ఎక్కితే ఏమొస్తుంది?

చెట్టెక్కటంలో వేళ్ల పట్టు, భుజాలు, పొట్ట, తొడ కండరాలు అన్నీ కలిసి పనిచేస్తాయి. ఏ కొమ్మ పట్టుకోవాలి, కాలు ఎక్కడ పెట్టాలన్నది పిల్లలే తేల్చుకోవాలి. అంటే ఒంటితో పాటు మెదడుకూ వ్యాయామమే. 5-17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒంటికి గట్టిగా పని చెప్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

కళ్లకూ మేలే. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి ఉన్న రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే వారిలో 30.4% మందికి హ్రస్వదృష్టి మొదలైంది. మామూలుగా చదువుకున్న పిల్లల్లో ఇది 39.5%. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

ఇంకో ఆశ్చర్యం ఏంటంటే.. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వస్తున్న అధ్యయనం ఒకటుంది. ఎత్తులంటే భయపడని 18 ఏళ్ల వాళ్లలోనే.. 5-9 ఏళ్ల వయసులో పడి గాయపడిన వాళ్లు ఎక్కువని అందులో తేలింది. పడటం వల్లే భయం పట్టుకుంటుందని మనం అనుకుంటాం గానీ, అన్నిసార్లూ అలా కాదన్నమాట.

సాహసం వేరు.. ముప్పు వేరు

అలాగని వదిలేయటమేనా? కాదు. కెనడా పిల్లల వైద్యుల సంఘం 2024లో ఆరుబయట సాహస క్రీడలను సమర్థిస్తూనే ఒక గీత గీసింది. పిల్లలు తమకు తాముగా చూసి, అంచనా వేసుకోగలిగింది సాహసం. వాళ్ల కంటికి కనిపించనిది ముప్పు. పై కొమ్మ ఎంత దూరంలో ఉందో ఎనిమిదేళ్ల పిల్లాడికి తెలుస్తుంది. ఆ కొమ్మ లోపల పుచ్చిపోయిందని, పలక మేకు తుప్పు పట్టిందని తెలియదు. మొదటిది పిల్లలకు వదిలేయాలి. రెండోది పూర్తిగా పెద్దల బాధ్యత.

ఆ బాధ్యత ఎంతటిదో గాయాల లెక్కలు చెబుతాయి. అమెరికాలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 1990 నుంచి 2006 వరకు ట్రీహౌస్ గాయాలను పరిశీలించారు. ఏటా సుమారు 2,800 మంది పిల్లలు అత్యవసర విభాగాలకు వచ్చినట్టు గుర్తించారు. ప్రతి 10 గాయాల్లో దాదాపు 8 కింద పడటం వల్లే. మూడో వంతుకు పైగా ఎముకలు విరిగినవే. 10 అడుగులు, అంతకన్నా ఎత్తు నుంచి పడినవారిలో ఆసుపత్రిలో చేర్చాల్సి రావటం ఎక్కువ.

ఎక్కే ముందు పెద్దలు చూడాల్సినవి

* చెట్టు: ఉబ్బేయటాన్ని ‘మునగచెట్టు ఎక్కించటం’ అనేది ఊరికే కాదు. మునగ కొమ్మ పుటుక్కున విరుగుతుంది. నేరేడునూ నమ్మలేం. బాగా ఎదిగిన మామిడి, చింత, వేప నయం. ఎండు కొమ్మలు, తొర్రలు ఉంటే ఏ చెట్టయినా వద్దు.

* ఎత్తు: పలక 10 అడుగులకు మించకూడదు. చుట్టూ కనీసం 38 అంగుళాల గోడ ఉండాలి.

* నేల: కింద సిమెంటు, రాళ్లు ఉండొద్దు. ఇసుక గానీ, చెక్క తురుము గానీ 9 అంగుళాల మందాన పరవాలి.

* కట్టు: మాను చుట్టూ తీగ, తాడు బిగించొద్దు. ఆకులు తయారుచేసే ఆహారం బెరడు లోపలి పొర గుండానే కిందికి దిగుతుంది. చెట్టు లావయ్యేకొద్దీ కట్టు కోసుకుపోయి చెట్టు ఎండిపోతుంది. పిల్లలకు కనిపించని ముప్పు అలాగే తయారవుతుంది.

* పరిసరాలు: దగ్గర్లో కరెంటు తీగలుండొద్దు. తేనెపట్టు, ఎర్రచీమల గూళ్లు ఉన్నాయేమో చూడాలి. వాన, ఈదురుగాలుల్లో ఎక్కనివ్వొద్దు.

* మెడ: చున్నీ, వేలాడే తాళ్లు వద్దు. సైకిల్ హెల్మెట్ కూడా తీసేయాలి. కొమ్మల మధ్య ఇరుక్కుంటే దాని పట్టీ మెడకు బిగుసుకుంటుంది.

రిసార్టుకెళ్లినా ఇవే చూడండి. మెట్లు, పిట్టగోడ ఊగుతుంటే మొహమాటపడకుండా వేరే గది అడగండి.

పడితే ఏం చేయాలి?

పడేటప్పుడు పిల్లలు చేతులు చాచి నేలకు ఆనిస్తారు. దీంతో మోచేతి పైన, మణికట్టు దగ్గర ఎముకలు విరుగుతుంటాయి. వాచినచోట నూనె రాసి రుద్దటం, గట్టిగా కట్టు కట్టించటం ప్రమాదకరం. రక్త ప్రసారం ఆగిపోవచ్చు. పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల పొర ఉంటుంది. అది దెబ్బతిని సరిగా అతకకపోతే చేయి వంకరపోవచ్చు. కాబట్టి చేయిని కదలకుండా అట్టతో ఆసరా ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఈలోగా ఏమీ తినిపించొద్దు. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, నొప్పి అంతకంతకూ పెరుగుతున్నా ఆలస్యం చేయకూడదు.

స్పృహ తప్పటం, పదే పదే వాంతులు, మగత, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం గానీ నీరు గానీ కారటం.. వీటిలో ఏది కనిపించినా తలకు దెబ్బ తగిలినట్టే భావించాలి. మెడ నొప్పి, కాళ్లూచేతుల తిమ్మిరి ఉంటే ఎత్తుకుని పరుగెత్తొద్దు. కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి.

మాట మార్చి చూడండి

పిల్లల్ని ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టొద్దు. సొంతంగా ఎక్కలేకపోతే ఆ ఎత్తుకు వాళ్లింకా సిద్ధం కాలేదని అర్థం. ఎక్కాక ‘పడతావ్’ అని బెదరగొడితే పట్టు సడలుతుంది. దానికి బదులు ‘ఇప్పుడు కాలు ఎక్కడ పెడతావు?’ అని అడగండి. దిగే దారి వాళ్లనే వెతుక్కోనివ్వండి. ఆ మేరకు మీరు చెట్టును ముందే చూసి ఉంటే చాలు.