ఈ ఫొటోలో ఉన్నది ఎవరు?

మా అమ్మగారు ప్రభువునందు నిద్రించిన రాత్రి, భూస్థాపన ఆరాధన క్రమము అట్టమీద వేయుటకు ఆమె ఫొటో ఒకటి కావలసి వచ్చింది. పెండ్లినాటి ఫొటో ఉన్నదని మాకందరికీ తెలుసు. తమ్ముడే దానిని స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టాడు. కాని ఎక్కడ? లోపల నాలుగు వేలకు పైగా ఫొటోలు. ప్రతిదానికీ ‘ఐఎంజి’ అని, పక్కన ఏదో ఒక అంకె. తెల్లవారుజాము మూడు గంటల వరకు వెదికాము. చివరికి ఆధార్ కార్డుమీది ఫొటోనే వేయించాము. జ్ఞాపకార్థ కూడిక అయిన రెండు వారాలకు అసలు ఫొటో దొరికింది. ‘కొత్త ఫోల్డరు 3’ లోపల ‘స్కాన్ 0047’ అను పేరుతో ఉన్నది!

ప్రియ పాఠకులారా, ఆ ఫొటో పోలేదు. దానికి పేరు లేదు, అంతే. కెమెరాకు మన అమ్మ ఎవరో తెలియదు గనుక వరుస సంఖ్య వేసి ఊరుకుంటుంది. పేరు పెట్టవలసినది మనమే. ఆ తరువాత మా ఇంటిలో నేర్చుకున్న సంగతులు మీకును ఉపయోగపడునని వ్రాస్తున్నాను.

మొదట సంవత్సరము

ఫైలు పేరులో ముందు సంవత్సరము, తరువాత నెల, చివర తేదీ వ్రాయండి: 1968-05-12. మనకు అలవాటైన విధముగా తేదీతో మొదలుపెడితే, 12-05-1968 నాటి పెండ్లి 25-12-1941 నాటి క్రిస్మస్ కంటె ముందు వచ్చి కూర్చుంటుంది. కంప్యూటరు ఎడమనుండి అంకెలు చూచుకొనిపోవును గాని సంవత్సరమును గ్రహించదు. గీత గీసి 12/05/1968 అని వ్రాయబోతే విండోస్ అసలే ఒప్పుకొనదు. నెల తెలియకపోతే 1968-00-00 అని వేయండి. సంవత్సరము కూడ ఊహయే అయితే ‘1965-సుమారు’ అనండి.

ఇది ఫొటో తీసిన తేదీ కావలెను గాని స్కాన్ చేసిన తేదీ కాదు. వాట్సాప్‌లో వచ్చిన వాటితో మరీ జాగ్రత్త. ఫోను వాటికి అందిన తేదీని పేరుగా పెట్టును గనుక తాతగారి పెండ్లి 2021లో జరిగినట్లు కనబడుతుంది! పైగా వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. బంధువులను డాక్యుమెంటుగా పంపమని అడిగితే పూర్తి ఫొటో వస్తుంది.

మన పెద్దలలో చాలామందికి రెండు పుట్టినరోజులు. బడిలో చేర్చునాడు పంతులుగారు వేసినది ఒకటి, కుటుంబ బైబిలు మొదటి పుటలో తాతగారు వ్రాసినది మరొకటి. ఏ కాగితములో ఏది ఉన్నదో ఆ ఫైలుకు అదే వ్రాయండి. రెండును కలిపి సవరించవద్దు. తేడాను వేరుగా ఒక నోట్‌బుక్కులో వ్రాసి పెట్టండి.

పేరులోని చిక్కులు

మన ఆడపడుచులకు పెండ్లితో ఇంటిపేరు మారుతుంది. అందుచేత స్త్రీలకు ఎల్లప్పుడు పుట్టింటి ఇంటిపేరే వాడండి. అప్పుడు అక్క చిన్ననాటి ఫొటోలు, పెద్దయిన తరువాతి ఫొటోలు ఒకే వరుసలో ఉంటాయి. నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుట మన అలవాటు గదా! అటువంటి చోట పుట్టిన సంవత్సరము చేర్చండి: ‘మరియమ్మ-1921’, ‘మరియమ్మ-1974’. ‘పెద్దనాన్న’, ‘చిన్నత్త’ అని మాత్రము వ్రాయవద్దు. నాకు పెద్దనాన్న అయినవాడు నా పిల్లలకు తాత అవుతాడు.

ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే శాంతమ్మ గారినే ముగ్గురు మూడు విధాలుగా వ్రాస్తారు. వెదికితే ఒకటే దొరుకుతుంది. తెలుగైనను ఇంగ్లీషైనను ఒకదానిని ఎంచుకొని, ఒకే స్పెల్లింగు వాడండి. తెలుగైతే యూనికోడ్‌లో ఉండవలెను. పాత అను ఫాంట్లలో కొట్టినవి ఆ ఫాంటు లేని యంత్రములో అర్థములేని గుర్తులుగా కనబడతాయి.

అన్నీ కలిపితే ఇట్లుండును: ‘1968-05-12_మరియమ్మ-1945_పెండ్లి_గుంటూరు_01’. ఫొటో వెనుక ఏమైనా వ్రాసి ఉంటే దానిని కూడ స్కాన్ చేసి, అదే పేరు చివర ‘వెనుక’ అని చేర్చండి.

ఫోల్డర్లు కొద్దిగానే

నాన్నగారి వైపు, అమ్మగారి వైపు, మా ఇల్లు, ఇంకా చూడనివి. మాకు ఈ నాలుగే చాలినవి. ఒక ఫొటోలో పదిమంది ఉంటే పది ఫోల్డర్లలో పెట్టవద్దు. ఒకచోట ఉంచి, ఎడమనుండి కుడికి పదిమంది పేర్లు నోట్‌బుక్కులో వ్రాయండి. బాప్తిస్మ పత్రములు, వివాహ పత్రములు కూడ ఇదే పద్ధతిలో ఉంచవచ్చును.

మొత్తము మూడు ప్రతులు చేయండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, మూడవది వేరే ఊరిలోనున్న తోబుట్టువుల ఇంట. ఒకే ఇంట మూడున్నను నిప్పుకు, నీటికి, దొంగకు ఒకటే లెక్క. సీడీలలో ఉన్నవి ఇప్పుడే తీసి పెట్టుకొనండి. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి సీడీ పెట్టు చోటే లేదు.

ఇంకొక పని

కంప్యూటరు చేయలేని పని ఒకటి ఉన్నది. పోయిన వేసవిలో ఎనభై ఆరేండ్ల మా పెద్దమ్మగారి ముందు పాత ఫొటోలు పెట్టి కూర్చున్నాము. ఆమెకు ఉదయము చెప్పినది సాయంత్రము గుర్తుండదు. కాని ఒక ఫొటోలో అమ్మమ్మ ఒడిలోని పసిబిడ్డను చూచి వెంటనే, “ఇది మా చిట్టి చెల్లెలు, రూతు. మీ అమ్మ కంటె ముందు పుట్టింది. ఏడాది నిండకుండానే పోయింది” అన్నారు. మాకు అటువంటి పెద్దమ్మ ఒకతె ఉన్నదని అంతవరకు తెలియదు. ఆమె పేరు మరి ఏ కాగితములోను లేదు. ఆ సాయంత్రమే ఫైలు పేరులో చేర్చాము.

నాలుగు వేల ఫొటోలకు ఒకేసారి పేర్లు పెట్టనక్కర లేదు. ఈ ఆదివారము భోజనము తరువాత మీ ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుని పది ఫొటోలు చూపించండి. వారు చెప్పుచుండగా పిల్లలచేత వ్రాయించండి. ఫొటోలు ఇంకొన్నాళ్లు ఆగును గాని, వాటిలోని వారి పేర్లు తెలిసినవారు ఎంతకాలము మన మధ్య ఉందురో మనకు తెలియదు.