కార్డ్‌లెస్ డ్రిల్ ఎంపిక - బ్యాటరీ క్షీణత

కార్డ్‌లెస్ డ్రిల్‌లో సాధారణంగా మోటారు కన్నా ముందే బ్యాటరీ బలహీనపడుతుంది. అందువల్ల కొనే ముందే విడి బ్యాటరీ ధర ఎంతో దుకాణంలో అడగండి.

పెట్టె మీది అంకెలను గమనించండి. లిథియం-అయాన్ సెల్ నామమాత్రపు వోల్టేజి 3.6, పూర్తి చార్జిలో 4.2. అయిదు సెల్‌లను శ్రేణిలో కలిపితే 18 వోల్టులు, చార్జి ముగిసిన వెంటనే దాదాపు 21. కాబట్టి '20 వోల్ట్ మ్యాక్స్' అని అమ్మేదీ 18 వోల్టులదీ ఒకటే. ఆ అంకె కోసం అదనపు ధర చెల్లించకండి. చెక్కకు స్క్రూలు బిగించడానికి 12 వోల్టులు చాలు. కాంక్రీటు గోడకు హ్యామర్ సౌకర్యం కావాలి.

'బ్యాటరీ పోయింది' అన్నప్పుడు తరచుగా పోయేది ఒక్క సెల్లే. శ్రేణి సంధానంలో అన్నింటి గుండా ఒకే విద్యుత్తు ప్రవహిస్తుంది కదా! సామర్థ్యం తగ్గిన సెల్ ముందుగా ఖాళీ అవుతుంది. రక్షణ వలయం ప్యాక్ మొత్తాన్ని ఆపివేస్తుంది. నాలుగు సెల్‌లు 3.8 వోల్టుల చొప్పున, ఒకటి 2.4 చూపాయనుకోండి. మొత్తం 17.6. కొనల వద్ద మల్టీమీటర్ పెడితే ప్యాక్ బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది, డ్రిల్ మాత్రం పని మధ్యలో ఆగిపోతుంది.

చార్జరు నిరాకరించిన ప్యాక్‌కు మరో బ్యాటరీ నుంచి వైర్లు కలిపి 'లేపడం' కొందరికి అలవాటు. అలా చేయకండి. వోల్టేజి బాగా పడిపోయిన లిథియం సెల్‌లో లోపల షార్ట్ ఏర్పడి మంటలు రావచ్చు. ఉబ్బిన ప్యాక్‌నూ చార్జి చేయరాదు. వాడని రోజుల్లో సుమారు సగం చార్జితో, ఎండ తగలని చోట ఉంచండి.

అభ్యాసం: 2 ఆంపియర్-అవర్ సెల్‌లతో 18 వోల్టుల, 4 ఆంపియర్-అవర్ ప్యాక్ తయారుచేయడానికి ఎన్ని సెల్‌లు అవసరం? వాటిని ఎలా కలపాలి?