బాకుపై అంకెలు

శిలాశాసనములను చదువువారికి ఒక నియమము కలదు. శాసనమునందు "ప్రమాథి సంవత్సరము" అని మాత్రమే యున్నచో కాలము తేలదు. అరువది యేండ్లకొకసారి ఆ పేరే మరల వచ్చును గదా! శకవర్షమో, రాజు పేరో తోడైనగాని అది ఏ ప్రమాథియో చెప్పజాలము. ఈ నియమము రాతికేగాక ఉక్కునకును వర్తించునని నాకు తెలియజేసినవాడు నా విద్యార్థియే.

ఒకనాడతడు ఒక కాగితము తెచ్చెను. ఇంటిగోడకు వ్రేలాడు పాత బాయొనెట్టుపై కాగితముంచి, పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చది. తుపాకి మొనకు తగిలించు బాకునే బాయొనెట్టందురు. అతని ముత్తాత మదరాసు సాపర్ల దళమున చేరి మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాకులో, పనిచేసెనట. 1917 మార్చిలో బాగ్దాదు పట్టుబడిననాడు ఆయన చేత ఈ ఆయుధమే యుండెనని ఇంటిల్లిపాదికిని నమ్మకము.

అచ్చులో ఒక కిరీటము, దాని క్రింద జి.ఆర్. అను అక్షరములు, 1907, విల్కిన్‌సన్ అను పేరు, 10, 17 అను అంకెలు కానవచ్చెను. పిడి చివర 412 అనియు కలదు.

"ఇది 1907లో చేసిన 412వ బాయొనెట్టు కదండీ, మాస్టారూ?" అని అడిగెను.

కాదు. 1907 అనునది నమూనా పుట్టిన యేడు. ఆయుధము పుట్టిన యేడు కాదు. 17 అంగుళముల అలుగుగల ఆ నమూనాను ఇంగ్లండులో ఏ యేట చేసినను 1907 అనియే ముద్రించిరి. తయారైన కాలమును చెప్పునవి ఆ చిన్న అంకెలే: 10వ నెల, 17వ యేడు, అనగా 1917 అక్టోబరు. ఇక 412 కర్మాగారపు వరుససంఖ్య కానేకాదు. దళమువారు తమ ఆయుధములను లెక్కపెట్టుకొనుటకు వేసికొన్నది.

వరుససంఖ్యలు వేసిన దేశములును కలవు. అమెరికావారి 1905 నమూనా బాయొనెట్టుకు అలుగు మొదట ఒక ప్రక్క ఆయుధాగారపు గుర్తును, తయారైన యేడును, రెండవ ప్రక్క యు.ఎస్. అను అక్షరములును, వరుససంఖ్యయు ఉండును. తుప్పుచేత ఏడు చెరిగిపోయినచో, దగ్గరి సంఖ్యలుగల తోడి ఆయుధములపై ఏడు చూచి దీని కాలమును ఊహింపవచ్చును. కాని స్ప్రింగ్‌ఫీల్డు, రాక్ ఐలండు ఆయుధాగారములు వేర్వేరు వరుసలు నడపినవి. ఒకదాని సంఖ్యను మరియొకదాని వరుసలో వెదకిన దారి తప్పుదుము. మరియొక చిక్కు కలదు. 16 అంగుళముల అలుగుతో పుట్టిన ఈ బాయొనెట్లలో అనేకములను 1943 మొదలు 10 అంగుళములకు కోసివేసిరి. వానిపై ముద్రించిన యేడు జన్మకాలమును చెప్పునే గాని, నేటి రూపము వచ్చిన కాలమును చెప్పదు.

జర్మనుల లెక్క మన సంవత్సర చక్రమును తలపించును. 1934 మొదలు 1945 వరకు చేసిన బాయొనెట్లపై వరుససంఖ్యకు ప్రక్క తరచుగా ఒక అక్షరముండును. పదివేల లెక్క నిండగానే అక్షరము చేర్చి మరల ఒకటికి వచ్చెడివారు. క్రొత్త యేడు రాగానే లెక్క మరల మొదలగుచుండెను. ప్రతి కర్మాగారమునకును తన వరుస తనదే. కనుక సంఖ్య యొక్కటియే చేతనున్నవాడు ప్రమాథి పేరు మాత్రమే చదివినవానివంటివాడు. ఏడును, కర్మాగారపు గుర్తును కూడ చదువవలెను. సంఖ్య చేయు మేలు వేరొకటి: ఒరపైనను అదే సంఖ్య యుండును. రెండును కలిసినచో అవి తొలినాటి జంట. కలియనిచో మార్గమధ్యమున మారినవి. ఫ్రెంచివారి 1874 నమూనాలో అలుగు వెన్నుపై ఆయుధాగారపు పేరు, నెల, ఏడు స్పష్టముగా వ్రాసియుండును. కాపుకమ్మిపై సంఖ్య ఏ తుపాకికి జతయో చెప్పును.

ఇదంతయు వినిన విద్యార్థి ముఖము చిన్నబోయెను. అక్టోబరులో ఇంగ్లండున పుట్టిన ఆయుధము అంతకు ఏడు నెలల ముందు బాగ్దాదులో నుండజాలదు.

"అయితే మా ముత్తాతగారి మాట అబద్ధమాండీ?" అనెను.

"ఆయుధము తన్ను గూర్చియే సాక్ష్యము చెప్పును, నాయనా. ఆయనను గూర్చి చెప్పవలసినది వేరొకటి. ఆ యుద్ధమున పనిచేసినవారికిచ్చిన పతకముల అంచున సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కియుందురు. ఇంట వెదకిచూడు" అంటిని.

పదునైదు దినములకు అతడు మరియొక కాగితము తెచ్చెను. నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికిన వెండి పతకపు అంచు అచ్చది. అందు ముత్తాత పేరును, దళము పేరును కలవు. గోడమీది బాకు ఆనాటి బాగ్దాదును చూడలేదు. ఆయన సైన్యమున పనిచేసిన మాట మాత్రము నిజమే. ఆయన బాగ్దాదు ప్రవేశించెనో లేదో పతకమును చెప్పలేదు. ఆ మాటను విద్యార్థి తానే పలికెను. నేనాతనికి నేర్పగోరినదియు అదియే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు ఇట్టి పాతవస్తువులను గూర్చి చెప్పినపుడు, ఇంట పెద్దల సమక్షముననే వానిని చూడుమనుడు. గరుకు కాగితముతో తుప్పు రుద్దనీయకుడు. తుప్పుతోబాటు అక్షరమును పోవును. ముందుగా అచ్చు తీయించుడు. ప్రతి అంకె ప్రక్కను "ఇది ఎవరు వేసిరి? ఎందులకు వేసిరి?" అని వ్రాయించుడు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరకిన పిమ్మటనే "ఎప్పుడు?" అని అడుగవలెను.