వేరికోసిల్ శస్త్రచికిత్స – శుక్రకణాల నాణ్యత

గత పాఠంలో వృషణాల నిర్మాణాన్ని, శుక్రకణాలు తయారయ్యే దశలను తెలుసుకున్నారు. పురుషుల్లో సంతానలేమికి కారణమై, చికిత్సకు వీలున్న లోపాల్లో అన్నిటికంటే తరచుగా కనిపించేది వేరికోసిల్. ఈ పాఠం చదివిన తరువాత ఆ లోపం ఎందుకు వస్తుందో, శుక్రకణాలకు ఎలా హాని చేస్తుందో మీరు వివరించగలగాలి. అంతకంటే ముఖ్యంగా, 'ఆపరేషన్ తరువాత కౌంట్ పెరిగింది' అనే మాట విన్నప్పుడు ఏ ప్రశ్నలు వేయాలో మీకు తెలియాలి.

పెళ్ళయిన ఏడాదికే 'ఏమైనా విశేషమా?' అన్న ప్రశ్న మన ఇళ్ళలో కోడలికే ఎదురవుతుంది. స్కానింగులు, రక్తపరీక్షలు, మొక్కులు అన్నీ ఆమెకే. సంతానం కలగని దంపతుల్లో దాదాపు సగం జంటల విషయంలో పురుషుడి లోపం పూర్తిగానో, కొంత భాగంగానో ఉంటుంది. వీర్య పరీక్ష కొన్ని వందల రూపాయలతో, కోత, నొప్పి లేకుండా అయిపోతుంది. అయినా చాలా ఇళ్ళలో అది చివరి పరీక్ష. ఈలోగా గడిచిన సంవత్సరాలు భార్య వయస్సులో కలుస్తాయి. ఆ లెక్క ఎందుకు ముఖ్యమో పాఠం చివరలో చూస్తారు.

1. వేరికోసిల్ అంటే ఏమిటి?

వృషణం నుంచి చెడు రక్తాన్ని పైకి తీసుకుపోయే సన్నని సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. ఈ వలను పాంపినిఫార్మ్ ప్లెక్సస్ అంటారు. లాటిన్‌లో 'పాంపినస్' అంటే ద్రాక్ష లేత తీగ. తీగ కొమ్మను చుట్టుకున్నట్టు ఈ సిరలు వృషణ ధమనిని చుట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. ఈ సిరలు ఉబ్బి, మెలికలు తిరగడమే వేరికోసిల్. ఎక్కువసేపు నిలబడి పనిచేసేవారి పిక్కల మీద నీలంగా ఉబ్బే నరాలను మీరు చూసే ఉంటారు. అవి నిజానికి సిరలు. అక్కడ జరిగేదే ఇక్కడా జరుగుతుంది. రక్తాన్ని వెనక్కి జారనీయకుండా ఆపే కవాటాలు పనిచేయవు, లేదా పుట్టుకతోనే ఉండవు. దాంతో రక్తం కిందికి జారి నిలిచిపోతుంది.

ఈ లోపం సుమారు నూటికి తొంభై మందిలో ఎడమ వైపునే కనిపిస్తుంది. తరగతిలో ఈ బొమ్మ గీసినప్పుడల్లా విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న, ఎడమ వైపే ఎందుకని. జవాబు సిరల అమరికలో ఉంది. కుడి వృషణ సిర ఏటవాలుగా వెళ్ళి నేరుగా పరమహాసిరలో కలుస్తుంది. ఎడమ సిర మాత్రం ఇంకా పైకి ప్రయాణించి ఎడమ వృక్క సిరలో లంబకోణంలో కలుస్తుంది. అందువల్ల ఎడమ సిరలో నిలిచే రక్తస్తంభం కుడిదానికంటే చాలా పొడవు, కింద పడే ఒత్తిడి కూడా ఎక్కువ. పైగా ఎడమ వృక్క సిర, బృహద్ధమనికీ దాని నుంచి పేగులకు వెళ్ళే ధమనికీ మధ్యగా పోతుంది. కొందరిలో అక్కడ నొక్కుకుపోతుంది. కుడి వైపు మాత్రమే హఠాత్తుగా వేరికోసిల్ వస్తే కడుపులో గడ్డ ఏదైనా సిరను నొక్కుతోందేమోనని వైద్యులు స్కాన్ చేయిస్తారు.

తీవ్రతను కొలవడానికి డూబిన్, అమెలార్ అనే వైద్యులు 1970లో సూచించిన మూడు తరగతుల పద్ధతినే నేటికీ వాడుతున్నారు. రోగి నిలబడి ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు మాత్రమే చేతికి తగిలేది ఒకటో తరగతి. ముక్కకుండానే తగిలేది రెండోది. కంటికే కనిపించేది మూడోది. చేతికి తగలక డాప్లర్ స్కాన్‌లో మాత్రమే బయటపడేదాన్ని ఉపస్థాయి వేరికోసిల్ అంటారు. ఈ చివరి రకాన్ని గుర్తుంచుకోండి, తరువాత వచ్చే వివాదమంతా దాని చుట్టూ తిరుగుతుంది.

2. శుక్రకణాలకు హాని ఎలా కలుగుతుంది?

శుక్రకణాల ఉత్పత్తికి దేహ ఉష్ణోగ్రత కంటే 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి కావాలి. వృషణాలు దేహం వెలుపల ముష్కగోణుల్లో ఉండటానికి కారణం ఇదే. సిరల వల చేసే పని కూడా ఇదే. పైనుంచి వెచ్చని రక్తంతో దిగే ధమనిని చల్లబడిన రక్తం ఉన్న సిరలు చుట్టుకుని, దాని వేడిని తీసుకుని పైకి పోతాయి. సిరల్లో రక్తం కదలక నిలిచిపోతే ఈ మార్పిడి దెబ్బతిని వృషణం వేడెక్కుతుంది. ఒక వైపే సిరలు ఉబ్బినా రెండు వృషణాల ఉష్ణోగ్రతా పెరగవచ్చు. దీంతోపాటు ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు వీర్యంలో పెరిగి, శుక్రకణాల పొరలను, లోపలి డి.ఎన్.ఎ. పోగులను దెబ్బతీస్తాయి. సంఖ్య సరిగ్గానే ఉన్నా డి.ఎన్.ఎ. ముక్కలైన కణాలు ఎక్కువగా ఉండవచ్చు.

ఇంతవరకు చదివితే వేరికోసిల్ ఉంటే సంతానం కలగదని అనిపిస్తుంది. అది తప్పు. మొత్తం పురుషుల్లో సుమారు 15 శాతం మందికి వేరికోసిల్ ఉంటుంది. వారిలో ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే తండ్రులవుతారు. అయితే సంతానం లేదని వైద్యుని దగ్గరకు వచ్చిన పురుషులను పరీక్షిస్తే ఈ సంఖ్య 35 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. అంటే రెండింటికీ సంబంధం ఉంది. కానీ ఒక వ్యక్తికి వేరికోసిల్ ఉన్నంత మాత్రాన అతని సంతానలేమికి అదే కారణమని చెప్పలేం.

3. వీర్య పరీక్ష అంకెలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ఆరో కూర్పు ప్రకారం శుక్రకణాల సాంద్రతకు కనీస ప్రమాణం మిల్లీలీటరుకు 16 మిలియన్లు, అంటే కోటీ అరవై లక్షలు. మొత్తం చలనశీలత 42 శాతం, సరైన ఆకృతి గలవి 4 శాతం. ఈ అంకెలు ఎలా వచ్చాయో తెలుసుకోకపోతే రిపోర్టు చూసి అనవసరంగా బెంబేలెత్తుతారు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన పురుషుల వీర్యాన్ని పరీక్షించి, వారిలో అట్టడుగు 5 శాతం మందిని వేరుచేసే చోట ఈ గీత గీశారు. గీతకు దిగువన ఉన్నవారిలోనూ తండ్రులున్నారు, ఎగువన ఉన్నవారిలోనూ సంతానం లేనివారున్నారు.

ఇంకో విషయం, ఒకే మనిషి వీర్యం ఒక నెలకూ మరో నెలకూ ఒకేలా ఉండదు. గట్టి జ్వరం వస్తే రెండు మూడు నెలలపాటు కౌంట్ పడిపోవచ్చు. కలయికల మధ్య విరామాన్నిబట్టీ మారుతుంది. అందుకే పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజుల విరామం పాటించమంటారు, లోపం కనిపిస్తే మళ్ళీ పరీక్ష చేయిస్తారు. ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, ఎపిడిడిమిస్ నాళంలో పరిపక్వం కావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ఈ రోజు చేసిన చికిత్స ఫలితం మూడు నెలలకు ముందు వీర్యంలో కనిపించదు. ఆపరేషన్ అయిన నెలకే కౌంట్ పెరిగిందని ఎవరైనా చెబితే అది ఆపరేషన్ వల్ల కాదని మీరు నిస్సంకోచంగా చెప్పవచ్చు.

4. శస్త్రచికిత్స

పద్ధతి ఏదైనా సూత్రం ఒకటే. వెనక్కి జారే సిరలను కట్టివేస్తే రక్తం ఆరోగ్యంగా ఉన్న ఇతర మార్గాల్లో పోతుంది. అర్జెంటీనాకు చెందిన ఇవానిసెవిచ్ 1918లో గజ్జ దగ్గర సిరను కట్టే పద్ధతిని వర్ణించాడు. 1949లో పాలొమో ఇంకా పైన, పొత్తికడుపు వెనుక భాగంలో కట్టే పద్ధతిని చెప్పాడు. పాత పద్ధతుల్లో సన్నని సిరలు కొన్ని తప్పిపోయి లోపం తిరగబెట్టేది. శోషరస నాళాలు కూడా కట్టులో పడిపోతే వృషణం చుట్టూ నీరు చేరి వరిబీజం వచ్చేది. 1985లో మార్మార్ బృందం, ఆ తరువాత 1992లో గోల్డ్‌స్టీన్ బృందం శస్త్రచికిత్స సూక్ష్మదర్శిని వాడకాన్ని ప్రచారంలోకి తెచ్చారు. గజ్జకు కాస్త దిగువన చిన్న కోత పెట్టి, ధమనిని, శోషరస నాళాలను కాపాడుతూ సిరలను మాత్రమే ఒక్కొక్కటిగా కడతారు. నేర్పరి చేతిలో తిరగబెట్టడం, వరిబీజం రెండూ నూటికి ఒకరిద్దరికి మించవు. కోత లేకుండా సిరలోకి సన్నని గొట్టం పంపి లోపలి నుంచి మూసివేసే ఎంబొలైజేషన్ కూడా ఉంది.

5. ఫలితం ఉందా? సాక్ష్యాల కథ

1952లో ఎడిన్‌బరోకు చెందిన టలక్ అనే వైద్యుడు ఒక రోగి గురించి రాశాడు. అతని వీర్యంలో శుక్రకణాలు అసలే లేవు, రెండు వైపులా వేరికోసిల్ ఉంది. ఆపరేషన్ తరువాత కౌంట్ మామూలు స్థాయికి వచ్చింది, భార్య గర్భం దాల్చింది. ఆ ఒక్క ఉదాహరణతో ప్రపంచమంతటా వేరికోసిల్ ఆపరేషన్లు ఊపందుకున్నాయి. తరువాతి మూడు దశాబ్దాల్లో వచ్చిన నివేదికల్లో ఎక్కువ భాగం ఒకే తీరువి. ఆపరేషన్‌కు ముందు కౌంట్ ఇంత, తరువాత ఇంత, కాబట్టి ఆపరేషన్ పనిచేసింది.

ఈ వాదంలో లోపం ఎక్కడుందో ఆలోచించండి. కౌంట్ హెచ్చుతగ్గులవుతూ ఉంటుందని పైన చదివారు. మనిషి ఆపరేషన్‌కు ఎప్పుడు ఒప్పుకుంటాడు? కౌంట్ బాగా పడిపోయిన రిపోర్టు చేతికి వచ్చినప్పుడు. అంతగా పడిపోయిన అంకె ఏ చికిత్సా లేకపోయినా తరువాతి పరీక్షలో చాలామందిలో కొంత పైకి వస్తుంది. గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు మళ్ళడం అంటారు. జలుబుకు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందనే మాట ఇక్కడికీ వర్తిస్తుంది. గర్భం సంగతీ అంతే. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దంపతుల్లోనూ కొందరికి వాటంతటవే గర్భాలు వస్తాయి. కాబట్టి ఆపరేషన్ చేసినవారిని, అలాంటివారే అయి ఆపరేషన్ చేయనివారితో పోల్చాలి. ఎవరు ఏ సమూహంలోకి వెళ్ళాలో వైద్యుడు కాక లాటరీ నిర్ణయించాలి.

అలా పోల్చినప్పుడు జవాబులు ఒకదానికొకటి పొసగలేదు. ఇజ్రాయెల్‌లో మాడ్గర్ బృందం 1995లో ప్రకటించిన ప్రయోగంలో 45 జంటలున్నాయి. ఏడాదిలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 60 శాతం, చేయించుకోనివారిలో 10 శాతం జంటలకు గర్భం వచ్చింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో నీష్లాగ్ బృందం 1998లో 125 జంటల ఫలితాలు ప్రకటించింది. సిరలు మూసినవారిలో 29 శాతం, క్రమం తప్పకుండా సలహాలు మాత్రమే ఇచ్చినవారిలో 25 శాతం. తేడా లేనట్టే. అయితే ఈ రెండో సమూహానికి వైద్యులు పట్టించుకుని మాట్లాడటం వల్లనే ఆ 25 శాతం వచ్చి ఉండవచ్చు. నా అభిప్రాయంలో ఈ అధ్యయనం నేర్పే పాఠం అదే, దాన్ని చాలామంది వదిలేస్తారు.

2003లో ఎవర్స్, కాలిన్స్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను కలిపి లెక్కించి, ఈ ఆపరేషన్ వల్ల గర్భధారణ పెరిగినట్టు ఆధారం లేదని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పెద్ద దుమారమే రేగింది. విమర్శకులు చూపిన లోపం సూటిగా ఉంది. కలిపిన ప్రయోగాల్లో కొన్నింటిలోని రోగులకు ఉపస్థాయి వేరికోసిల్ మాత్రమే ఉంది, మరికొన్నింటిలోని వారి వీర్యం మామూలుగానే ఉంది. లోపం లేనివారికి ఆపరేషన్ చేసి ఫలితం లేదంటే ఆశ్చర్యం ఏముంది? అద్దాలు అవసరం లేనివారికి అద్దాలు పెట్టి చూపు మెరుగుపడలేదన్నట్టే.

సౌదీ అరేబియాలోని జెద్దాలో అబ్దెల్ మెగీద్ బృందం ఈ లోపాన్ని సవరించి ప్రయోగం చేసి 2011లో ఫలితాలు ప్రకటించింది. వేరికోసిల్ చేతికి తగలాలి, వీర్యంలో ఏదో ఒక లోపం ఉండాలి, ఏడాదికి పైగా సంతానం లేకపోవాలి. అలాంటి 145 మందిలో ఏడాది తరువాత సహజంగా గర్భం వచ్చిన జంటలు ఆపరేషన్ సమూహంలో 32.9 శాతం, మరో సమూహంలో 13.9 శాతం. వీర్యం అంకెలు కూడా ఆపరేషన్ చేసినవారిలో మెరుగయ్యాయి. ఇతర అధ్యయనాలను కలిపిన లెక్కల్లోనూ సూక్ష్మ శస్త్రచికిత్స తరువాత సాంద్రత సగటున మిల్లీలీటరుకు దాదాపు 10 మిలియన్లు పెరిగింది.

ఇప్పుడు చిన్న లెక్క చేయండి. 32.9 నుంచి 13.9 తీసివేస్తే 19. అంటే వందమందికి ఆపరేషన్ చేస్తే అదనంగా వచ్చే గర్భాలు 19. ఒక్క అదనపు గర్భానికి సుమారు ఐదారుగురికి ఆపరేషన్ చేయాలి. ఇదే ఫలితాన్ని 'అవకాశం రెండింతలకు పైగా పెరిగింది' అనీ చెప్పవచ్చు, 'ముగ్గురిలో ఇద్దరికి ఏడాదిలో గర్భం రాలేదు' అనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. ప్రకటనల బోర్డుల మీద మొదటి వాక్యం మాత్రమే కనిపిస్తుంది. కోక్రేన్ సంస్థ 2012లోను, 2021లోను చేసిన సమీక్షలు ప్రయోజనం ఉండవచ్చంటూనే, ఆధారాలు బలంగా లేవని హెచ్చరించాయి.

6. ఎవరికి చేయాలి?

నేటి వైద్య మార్గదర్శకాలు జెద్దా ప్రయోగంలోని షరతులకు దగ్గరగా ఉన్నాయి. వేరికోసిల్ చేతికి తగలాలి, వీర్యంలో లోపం ఉండాలి, దంపతులు సంతానానికి ప్రయత్నిస్తూ ఉండాలి, భార్యలో లోపం లేకపోవడమో చికిత్సకు లొంగేదై ఉండటమో జరగాలి. స్కాన్‌లో మాత్రమే కనిపించే ఉపస్థాయి వేరికోసిల్‌కు ఆపరేషన్ వద్దు. వీర్యం మామూలుగా ఉంటే సంతానం కోసం ఆపరేషన్ అవసరం లేదు. శుక్రకణాలే లేనివారిలో కొందరికి ఆపరేషన్ తరువాత కొద్ది కణాలు కనిపిస్తాయి. అయితే టలక్ రోగికి జరిగినట్టు అందరికీ జరుగుతుందని ఆశ పెట్టడం న్యాయం కాదు.

మొదట్లో భార్య వయస్సు ప్రస్తావన వచ్చింది. ఆపరేషన్ ఫలితం వీర్యంలో కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు, గర్భం రావడానికి ఇంకో ఆరు నెలలో ఏడాదో పట్టవచ్చు. భార్యకు 27 ఏళ్ళయితే ఈ వ్యవధి పెద్ద నష్టం కాదు. ఆమెకు 38 అయితే అదే వ్యవధిలో ఆమె అండాల సంఖ్య, నాణ్యత తగ్గుతాయి. అప్పుడు నేరుగా ఐ.వి.ఎఫ్. వంటి పద్ధతికి వెళ్ళడమే మేలు కావచ్చు. భర్త సిరల మీద తీసుకునే నిర్ణయాన్ని భార్య వయస్సే తేల్చే సందర్భాలున్నాయి కాబట్టి వైద్యుని ముందు ఇద్దరూ కలిసి కూర్చోవాలి.

అభ్యాసం

ఒక వ్యక్తి మొదటి పరీక్షలో శుక్రకణాల సాంద్రత మిల్లీలీటరుకు 6 మిలియన్లు ఉంది. ఆరు వారాల తరువాత, ఏ చికిత్సా లేకుండా, అది 14 మిలియన్లు అయింది. మొదటి పరీక్షకు నెల ముందు అతనికి వారం రోజులు తీవ్ర జ్వరం వచ్చింది. అతనికి ఒకటో తరగతి వేరికోసిల్ ఉంది. (అ) కౌంట్ పెరగడానికి కారణాలు ఏమై ఉంటాయి? (ఆ) మొదటి రిపోర్టు రాగానే అతనికి ఆపరేషన్ చేసి ఉంటే రెండో రిపోర్టును ఎలా అర్థం చేసుకుని ఉండేవారు? (ఇ) ఇప్పుడు ఆపరేషన్ గురించి నిర్ణయించే ముందు మీరు ఇంకా ఏ వివరాలు అడుగుతారు?